ఏ గ్రేడ్ మనశ్శాంతి

మనిషికి మనశ్శాంతి దానంతట అదే దొరికే రోజులు పోయాయి. ఇకమీదట అది సరైన మార్గంలో, అంటే పై అధికారి సంతకంతో, మూడు ప్రతుల్లో రావలసి ఉంటుంది. ఈ సత్యాన్ని నిజామాబాద్ జిల్లాలో అందరికంటే ముందు కనిపెట్టిన ఘనత గ్రామీణ తూకాల పర్యవేక్షణ శాఖది. వడ్లు, పసుపు, చెరకు తూచే కాంటాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం ఆ శాఖ పని. కాంటాలన్నీ చూడటం అయిపోయిందో, లేక చూడటమే విసుగొచ్చిందో తెలియదు గానీ, శాఖ చూపు ఒకరోజు ఉద్యోగుల మనసుల మీద పడింది.

దీనికి మూలం డైరెక్టరు గారు. ఆయన ఏదో కొండ మీద శిక్షణకు వెళ్లారు. అక్కడ ఒక చెరువు ముందు కూర్చోబెట్టి, మనసులో ఉన్నదంతా కాగితం మీద పెట్టమన్నారట. ఆయన పెట్టారు. చాలా తేలికైపోయి తిరిగొచ్చారు. (ఆయన దించుకున్న బరువు శాఖ మీదికి బదిలీ అయిన సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.) వచ్చిన మర్నాడే సర్క్యులర్ వెలువడింది. రోజూ డైరీ రాయడం వల్ల ఒత్తిడి తగ్గును, జ్ఞాపకశక్తి పెరుగును, నిర్ణయాలు స్పష్టమగును, నిద్ర పట్టును. కావున ఒకటో తేదీ నుంచి ప్రతి ఉద్యోగీ ఈ వ్యక్తిగత ప్రయోజనాలను విధిగా పొందవలెను. పొందనివారు సంజాయిషీ ఇచ్చుకోవలెను. నిద్ర పట్టినట్టు ఆధారం జతపరచవలెను. (నిద్రపోతూ తన ఫొటో తానే ఎలా తీసుకోవాలన్న సందేహానికి పైనుంచి వివరణ రావలసి ఉంది.)

రాసిన పేజీని ఫొటో తీసి సాయంత్రం ఐదింటిలోపు యాప్‌లో ఎక్కించాలి, అడిగినప్పుడు డైరీని జిల్లా కార్యాలయంలో చూపించాలి. ఐదు దాటాక కలిగే అనుభూతులు మరుసటి రోజు లెక్కలోకి వస్తాయి.

మోర్తాడ్ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్‌గా పనిచేసే హెప్సిబాకు ఈ సర్క్యులర్‌లో మిగతావన్నీ పట్టలేదు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఒక్క వాక్యం మాత్రం గుండెలో గుచ్చుకుంది. బదిలీ కోరేవారు దరఖాస్తుతోపాటు మనశ్శాంతి ధ్రువపత్రం జతచేయాలి. కలత చెందిన ఉద్యోగిని బదిలీ చేస్తే ఆ కలత కూడా కొత్త చోటికి వెళ్తుంది కాబట్టి, రవాణాకు ముందే దాన్ని వదిలించుకోవాలని శాఖ అభిప్రాయం.

హెప్సిబాకు బోధన్ బదిలీ కావాలి. ఇల్లు అక్కడే, షక్కర్‌నగర్‌లో. ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయినా పేరులో చక్కెర మిగుల్చుకున్న ఆ కాలనీ నుంచి ఆమె పొద్దున్నే బయలుదేరి నిజామాబాద్‌లో ఒక బస్సు, ఆర్మూర్‌లో మరో బస్సు మారి మోర్తాడ్ చేరుతుంది. వెళ్లేటప్పుడు రెండో తరగతి చదివే కూతురు షారోన్ నిద్రలో ఉంటుంది. వచ్చేసరికి అన్నం తినేసి మళ్లీ నిద్రలోకి జారుకుంటూ ఉంటుంది. ఆ పిల్లకు జడలు వేసేది ఆటో నడిపే తండ్రి జీవరాజు. ఆయన ఆటో ఎంత నేరుగా నడుపుతాడో జడ అంత వంకరగా వేస్తాడు. బడిలో పిల్లలు నవ్వుతారు. హెప్సిబాకు కావలసింది పదోన్నతి కాదు, పేరు కాదు. పొద్దున్నే కూతురికి తన చేత్తో జడలు వేసి, ఆ తర్వాత ఆఫీసుకు పోవాలి. అంతే.

కాబట్టి ఆమె డైరీ మొదలుపెట్టింది. మెథడిస్టు క్రైస్తవుల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. రోజు చివర దేవుడికి కృతజ్ఞత చెప్పడం చిన్నప్పటి అలవాటు. రాయమంటే అదే వచ్చింది. 'ఆర్మూర్‌లో సీటు దొరికింది, స్తోత్రం. వాన పడింది కానీ గొడుగు ఉంది, స్తోత్రం. ఫైలు దొరకలేదు గానీ వెతికే ఓపిక దొరికింది, స్తోత్రం.' నెలంతా ఇలాగే నడిచింది. శాఖ మొత్తంలో ఇంత హాయిగా ఉన్న డైరీ ఇంకొకటి లేదు.

నెలాఖరున నిజామాబాద్ నుంచి పిలుపు వచ్చింది. అంతరంగ పర్యవేక్షణాధికారి (ఇన్‌చార్జి) భాస్కర్ ఆమె డైరీని ముందు పెట్టుకుని దిగులుగా కూర్చున్నాడు. ఆయన మంచి మనిషి. నిన్న మొన్నటిదాకా వడ్ల కొనుగోలు కేంద్రాల్లో నాణ్యత చూసినవాడు. ధాన్యం గురించి తెలిసింది మనసుకూ వర్తిస్తుందని ఆయన గట్టి నమ్మకం.

"ఏమనుకోకుండ్రి మేడమ్. గిందుల బాధ ఏది?" అన్నాడు.

"బాధ రాయలె సార్. మంచిగున్నదే రాసిన."

"గదే కష్టమైంది. మొదటి తారీఖునే మీకు శాంతి ఉన్నది, ముప్పై తారీఖున సుత శాంతే ఉన్నది. మరి డైరీతోని మీకు కలిగిన ప్రయోజనం ఏంది? గ్రాఫ్ గీస్తె నేల మీద కట్టె పండవెట్టినట్టు వచ్చింది. పైకి పోవాలె మేడమ్, కిందికెల్లి పైకి."

డైరీ మీద 'బాధ కనిపించుట లేదు, సరిచేసి తిరిగి సమర్పించవలెను' అని రాసి ఇచ్చేశాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర హెప్సిబా సంగతంతా అత్త జ్ఞానమ్మకు చెప్పింది. జ్ఞానమ్మ ప్రార్థన కూటాల్లో సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేలు, చెప్పడంలో పేరుమోసిన మనిషి. ఆమె లేచి నిలబడిందంటే ముందు వరసలోని ఆడవాళ్లు కొంగులు సిద్ధం చేసుకుంటారు.

"పిచ్చిదానా, సాక్ష్యం ఎట్ల జెప్తరో నీకు నేర్పాల్నా?" అంది. "ముందుగాల పడ్డ గుంత జెప్పాలె. లోతుగ జెప్పాలె. తర్వాత లేపిన చెయ్యి జెప్పాలె. గుంతనే లేకపోతె లేపినోని గొప్ప ఏముంటదే? నువ్వు నేరుగ ఆమెన్ కాడికి పోయినవు. గందుకే వాపస్ గొట్టిండు."

మిగతా ఉద్యోగులకు ఇంత మంచి సలహా ఇచ్చే అత్తలు లేరు. వారు నిజామాబాద్ బస్టాండు పక్కన ఒక జిరాక్సు షాపును ఆశ్రయించారు. అక్కడ తయారు బాధలు దొరికేవి. దాంపత్య బాధ ఒక రేటు, ఆరోగ్య బాధ ఒక రేటు, ఇంక్రిమెంటు బాధ ఉచితం. (ఇది అందరికీ ముందే ఉండటంతో ఎవరూ తీసుకునేవారు కాదు.) పొరపాటు ఎక్కడ జరిగిందంటే, నందిపేట్‌లో విష్ణు, నవీపేట్‌లో క్రాంతి కుమార్ ఒకే రోజున, ఒకే మాటలతో, ఒకే కుంటి బర్రె చావుకు ఏడ్చారు. శాఖ వెంటనే విచారణ జరిపింది. రెండు మండలాల్లో ఒకే బర్రె చనిపోవడం సాధ్యమా అన్న అంశాన్ని క్షుణ్ణంగా పరిశీలించి, అది ఉమ్మడి బర్రె అని తేల్చింది. ఇద్దరి దుఃఖాన్నీ చెరిసగం చేసి, ఫైలు మూసింది.

హెప్సిబా కొనలేదు. రెండో నెల మొదటి రోజు, మోర్తాడ్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఉన్నది ఉన్నట్టు రాసింది. వంకర జడ గురించి రాసింది. ఒక ఆదివారం తాను దువ్వెన తీసుకోగానే షారోన్ తల వెనక్కి లాక్కుని, "నీకు రాదు మమ్మీ, డాడీకే వస్తది" అన్న సంగతి రాసింది. ఆ మాట వినగానే నవ్వి, వంటింట్లోకి పోయి ఏడ్చిన సంగతి కూడా రాసింది. రాశాక కాసేపు బయటికి చూసింది. పసుపు చేలు వెనక్కి పోతున్నాయి. ఎన్నాళ్లుగానో ఎవరికీ చెప్పని మాట చెప్పుకున్నట్టు గుండె నిజంగానే కొంచెం తేలికపడింది. (డైరీ వల్ల శాఖలో ఒకరికి ప్రయోజనం కలిగిన సందర్భం ఇదొక్కటే. యాప్‌లో దానికి కాలమ్ లేనందున నమోదు కాలేదు.)

ఇలాంటి డైరీలు రావడం మొదలయ్యాక భాస్కర్ తన ప్రతిభ చూపాడు. మొదట తేమ. కన్నీళ్లతో తడిసిన పేజీ తేమ చూసే యంత్రంలో దూరదు కాబట్టి బొటనవేలితో రుద్ది చూసి శాతం చెప్పేవాడు. పదిహేడు మించితే ఆరబెట్టి తెమ్మనేవాడు. జిల్లా కార్యాలయం ఆవరణలో డైరీలు వరసగా విప్పి పరిచి ఉండేవి. మబ్బు పట్టగానే ఉద్యోగులు పరుగెత్తుకొచ్చి తమ బాధల మీద టార్పాలిన్లు కప్పేవారు. తర్వాత తాలు, అంటే గింజలేని పొల్లు. 'బహుశా', 'ఎందుకో', 'ఏమో' లాంటి మాటలన్నీ తాలు కింద చెరిగేసేవాడు. ఆఖరున తరుగు, అంటే తూకంలో కోత. ఎంత నాణ్యమైన బాధ అయినా నాలుగు వాక్యాలకు ఒక వాక్యం తరుగు తీయాలని నియమం.

హెప్సిబా పేజీలో ఆయన ఎర్ర పెన్నుతో కొట్టేసింది సరిగ్గా షారోన్ అన్న మాటనే.

ఆమెకు కోపం వచ్చింది. పై అధికారి ముందు ఆమెకు కోపం రావడం అదే మొదలు.

"గది అబద్ధం కాదు సార్. నా బిడ్డ అన్న మాట గది."

"అబద్ధమని నేనన్ననా మేడమ్? నిజమైన వడ్లకు సుత తరుగు తీస్తం గద" అన్నాడు భాస్కర్ ఎంతో మృదువుగా.

ఆ మాటకు జవాబు జిల్లాలో ఏ రైతు దగ్గరా ఇంతవరకు లేదు.

అక్కడి నుంచి ఆమె గ్రాఫ్ చూసుకుంటూ రాయడం నేర్చుకుంది. రెండో వారంలో బాధను ముప్పావుకు తగ్గించింది. మూడో వారంలో మోర్తాడ్ గాలి బాగుందని రాసింది. నాలుగో వారంలో బస్సు ప్రయాణం ఆత్మపరిశీలనకు అనువైనదని, రెండు బస్సులు మారడం వల్ల రెట్టింపు పరిశీలన జరుగుతోందని రాసింది. రాస్తుంటే చేతికి సిగ్గేసింది గానీ, గ్రాఫ్ మాత్రం నిచ్చెన వేసినట్టు పైకి పోయింది. ఆఖరి పేజీలో 'సంపూర్ణ శాంతి' అని రాసి, సంతకం చేసి, ఆఫీసు ముద్ర కొట్టింది.

ఏ గ్రేడ్ మనశ్శాంతి ధ్రువపత్రం వచ్చింది. నిజామాబాద్‌లో సభ పెట్టి శాలువా కప్పారు. డైరెక్టరు గారు మాట్లాడుతూ, హెప్సిబా డైరీ చదివాక తనకే మోర్తాడ్‌లో ఉండాలనిపించిందని అన్నారు. (ఉండలేదు.) బదిలీ దరఖాస్తుకు ధ్రువపత్రం జతచేసి ఆమె ఆ రోజే ఇచ్చేసింది. ఇంటికి పోయి షారోన్‌ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "వచ్చే నెలకెల్లి జడలు నేనే వేస్త" అని చెప్పింది. పిల్ల మొదట నమ్మలేదు. ఒట్టు వేయించుకుని నమ్మింది. తెల్లారి బడిలో టీచరుకు కూడా చెప్పేసింది.

పదిరోజులకు ఉత్తర్వు వచ్చింది. శాఖ భాష ఎప్పుడూ మర్యాద తప్పదు. 'సదరు ఉద్యోగిని మోర్తాడ్‌లో పనిచేయుచున్న కాలంలోనే సంపూర్ణ శాంతి పొందినట్టు స్వహస్తాలతో రాసి సంతకం చేసియున్నందున, మోర్తాడ్ ఆమెకు అన్ని విధాలా సరిపడినట్టు శాఖ సంతోషంతో గుర్తించినది. కావున బదిలీ అవసరం కనిపించుట లేదు.' బోధన్ సీటు నందిపేట్ విష్ణుకు ఇచ్చారు. ఉమ్మడి బర్రె విచారణ తర్వాత ఆయనకు నిజంగానే నిద్ర పట్టడం మానేసింది. బోధన్ నాకు వద్దు మొర్రో అని ఆయన మొత్తుకున్నాడు. ఆ మొర కూడా అశాంతి కింద లెక్కకట్టి, ఆయన అర్హతకు కలిపారు.

హెప్సిబా ఉత్తర్వు పట్టుకుని భాస్కర్ దగ్గరికి పోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సర్టిఫికెట్ ఉంటెనే బదిలీ అన్నరు గద సార్?"

"సర్టిఫికెట్ దరఖాస్తు పెట్టుకోనీకి మేడమ్. బదిలీ కానీకి బాధ కావాలె." ఆయనకు నిజంగానే జాలి వేసింది. టీ తెప్పించాడు. "నన్నేం జెయ్యమంటరు చెప్పుండ్రి? మీ చేతి రాతనే ఉన్నది."

ఆమె టీ ముట్టలేదు. బడి విడిచే వేళయింది. సాయంత్రం తను పోయేదాకా షారోన్ నిద్రపోనని మంకుపట్టు పట్టి కూర్చుంటుందని ఆమెకు తెలుసు. ఏం చెప్పాలో మాత్రం తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

భాస్కర్ కంగారుగా లేచాడు. "మేడమ్, మేడమ్, గట్ల జెయ్యకుండ్రి. ఏ గ్రేడ్ వచ్చినోళ్లు తమంతల తాము బాధపడితె గ్రేడ్ వాపస్ పోతది. నా మీదికి సుత వస్తది."

"మరి నేనెట్ల బాధపడాలె సార్?"

"రాతపూర్వకంగ అడుగుండ్రి."

ఆమె అక్కడే ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని రాసింది. 'అయ్యా, ఈ సాయంత్రం నా కూతురికి ఒక జవాబు చెప్పవలసి ఉన్నందున, కొద్దిసేపు బాధపడుటకు అనుమతి ఇప్పించగలరని ప్రార్థన.' భాస్కర్ చదివి, తరుగు తీయకుండా, తన సిఫార్సు జోడించి పైకి పంపాడు. అది ప్రస్తుతం పరిశీలనలో ఉంది. ఉత్తర్వులు వచ్చేవరకు, శాఖ రికార్డుల ప్రకారం, హెప్సిబా ప్రశాంతంగానే ఉంది.