విశ్వాసమ్మ విప్పిన ఏడు టక్కులు

సూదిలో దారమెక్కించుటకు కళ్ళద్దాలు వెతుక్కొను సకల జనులారా, వినుడు! తుంగభద్రా తీరమందు, కర్నూలు నగరాన్ని ఆనుకొనిన కల్లూరునందు, మే నెల మార్తాండుడు రేకుల కప్పులను దోసెపెనములుగా మార్చిన ఒక శనివారం మధ్యాహ్నం మహాసంగ్రామమొకటి జరిగినది. రణభూమి వైశాల్యం ఏడంగుళాలు.

సంగ్రామనాయిక మహిమ. ఇరవైమూడేండ్ల ప్రాయమున, ల్యాబులో రక్తపరీక్షలు చేయు కొలువున ఉండియు, లోలిటా ఫ్యాషన్ అను జపాను గౌనుపై మనసుపడిన సాహసి. గంటవలె విచ్చుకొను కుచ్చుల పావడా, బుట్టచేతులు, అంచంచునా లేసు! అట్టిది కర్నూలు అంగళ్ళలో దొరకదు గనుక, అవ్వ విశ్వాసమ్మ ట్రంకుపెట్టెలో నిద్రించుచున్న పాత గౌను నమూనాను ఆ వీరాంగన మేల్కొలిపినది. మిషను బడి కుట్టుక్లాసులో అవ్వ న్యూస్‌పేపరుపై కత్తిరించిన ఆ నమూనా పదేండ్ల పిల్ల కొలత. దానిని ఖండఖండములుగా కోసి, నడుమ క్యాలెండరు కాగితాలతికి, భుజాలు పెంచి, నడుము నొక్కి, నాలుగు నెలల ఆదివారములు ధారపోసి తన కొలతకు తెచ్చినది. అంచు బిగువుగా నిలుచుటకై చుట్టూ ఏడు టక్కులు, అనగా ఒక్కొక్కటి అంగుళం పొడవును మింగు ఏడు మడతలు, సప్తప్రాకారములవలె కుట్టినది. మరునాడు చర్చిలో స్త్రీల సమాజపు పండుగ. ఆ గౌనుతో అవ్వ పక్కన కూర్చోవలెనని ఆమె ప్రతిజ్ఞ. అవ్వ ఔననలేదు, కాదనలేదు.

మహిమ లేసు కొనుటకు షేరు ఆటోలో బజారుకేగి వచ్చునంతలో ఘోరం జరిగిపోయినది. బ్లేడుధారిణియై విశ్వాసమ్మ ఆరు ప్రాకారములు కూల్చి ఏడవదానిని కూల్చుచున్నది!

"ఏం చేస్తాండావవ్వా!"

"టక్కులు ఇప్పుతాండా. నువ్వు మర్సిపోయినట్టుండావు. పిల్ల పెరిగేకొద్దీ ఇప్పేకే కదా టక్కులేసేది? ఏటా క్రిస్మస్‌కు ఒగటిప్పి, ఒగే గౌను నీకు ఏడేండ్లు తొడిగితి. ఇంత పొడుగైనాక ఇంకా మడిచి పెట్టుకుంటే ఎట్ల?"

క్రోధారుణనేత్రయై మహిమ కత్తెర ఎత్తినది. ఎత్తిన కత్తెర ఎత్తినట్టే ఆగినది. ఆ చిన్ననాటి గౌనులో టక్కు విప్పినచోటల్లా ఎండకు వెలిసిపోని రంగు గీతగా మిగిలేది. బడిలో పిల్లలు నవ్విరని ఆమె ఏడ్చుకుంటూ వస్తే, అవ్వ ప్రతి గీతమీదా లేసు కుట్టి కప్పేసింది. మహిమకు లేసు పిచ్చి పట్టింది అప్పుడే.

"అవ్వా, ఇవి పెరిగేకి కాదు. సొగసుకు."

"సొగసుకా? అంత గుడ్డ దండగ! ఆరు టక్కులు ఏస్కో. అడుగుది మాత్రం ఇప్పినట్టే ఇడిసిపెట్టు. మోకాలు కనపడితే నీ పక్కన కూచోను, సూడు."

సంధి కుదిరినది. అవ్వ కుట్టుమిషను తొక్కగా, మనుమరాలు గుడ్డ పట్టగా, సాయంత్రానికి ఆరు ప్రాకారములు తిరిగి లేచినవి.

ఆదివారం చర్చిలో, కూర్చున్న గౌను ఇద్దరి చోటు ఆక్రమించినది. వెనుక వరుస రెజీనమ్మ ముందుకు వంగి బాణం వేసినది: "ఏమక్కా, పాప గౌను పొట్టిగుండాదే?"

విశ్వాసమ్మ తల తిప్పలేదు; మనుమరాలి దగ్గరికి ఇంకాస్త జరిగినది.

"ఇంకా ఆరు టక్కులుండాయిలే రెజీనా. పెరిగే పిల్ల."

ఒక్క అంగుళం గెలిచిన విశ్వాసమ్మకు జయము! ఆరంగుళాలు దక్కించుకొని, ఇరవైమూడేండ్లకు మరల పెరిగే పిల్లయైన మహిమకు జయము, జయము!