పదిమంది లోపైతే చుక్కే

నెబ్రాస్కా రాష్ట్రంలోని మా నార్‌బెక్ ఊరి బడిలో పిల్లలెవరూ లేరని విద్యాశాఖ తేల్చేసింది. ఆ మాట విని, ఉన్న పదిహేడుమందీ చప్పట్లు కొట్టారు.

తప్పేం లేదు, అంతా రూలు ప్రకారమే. ఏ రకం పిల్లలైనా పదిమందికి తక్కువుంటే అంకె రాయకూడదు, చుక్క పెట్టాలి. ఎవరెవరో బయటికి తెలిసిపోకుండా అన్నమాట. (మా ఊళ్లో ఎవరింటి కుక్కకి ఏ జబ్బో అందరికీ తెలుసు. అది వేరే సంగతి.) మాకు ఆడపిల్లలు తొమ్మిది, చుక్క. మగపిల్లలు ఎనిమిది, చుక్క. తెల్లపిల్లలు చుక్క, మెక్సికో పిల్లలు చుక్క. చుక్కలన్నీ కూడితే కంప్యూటర్‌కి సున్నా వచ్చింది. సున్నా వస్తే బడికి తాళం, పిల్లలకి నలభై మైళ్ల బస్సు.

హెడ్మిస్ట్రెస్ ఇంగ్రిడ్ పై ఆఫీసుకి ఫోన్ చేసింది. మా బడికి టీచరూ ఆవిడే. వంటవాణ్ణి నేను, పక్కనే ఉన్నా.

"సార్, పిల్లలు నా ఎదురుగానే కూర్చున్నారండీ!"

"ఎంతమంది?"

"ఆడపిల్లలు తొమ్మి..."

"ఆగండాగండి! ఆ అంకె పైకి అనకూడదు!"

ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది. "ఆరేళ్ల పిల్లల్ని తెల్లారకముందే బస్సెక్కించాలా బాబాయ్?"

"ఏడవకే పిచ్చిదానా. ఇంకో ఆడపిల్ల చేరితే పది. అంకె బయటపడుద్ది. నే తెస్తాగా."

తెచ్చా. మా అమ్మ హుల్డా, ఎనభై మూడేళ్లు. మూడో క్లాసులో ఉండగా మంచు తుఫానొచ్చి బడి మూసేస్తే ఇంటికెళ్లింది, మళ్లీ రాలేదు. "చదువు మధ్యలో ఆగిన బాలిక" అని ఫారం నింపా. (వయసు దగ్గర చుక్క పెట్టా. ఆ వయసు బాలికలు పదిమంది లోపే.)

"ఒరే క్లైడూ, ఎక్కాలు అప్పజెప్పమంటే మాత్రం లేచి వచ్చేస్తా," అంది అమ్మ.

"వెనక బెంచీలో పడుకోవే."

"పడుకుంటే ఆ కళ్లజోడు ఇంగ్రిడ్ నన్ను గోడకి నిలబెట్టదూ?"

వారంలో ఉత్తర్వొచ్చింది. ఆడపిల్లలు పది, మగపిల్లలు చుక్క. బడి ఉంటుంది, బాలికల పాఠశాలగా. మరి మగపిల్లలకి బస్సేస్తారా అంటే, కాగితంలో లేనివాళ్లకి బస్సెలా వేస్తామన్నారు. దాంతో ఎక్కడివాళ్లు అక్కడే కూర్చున్నారు.

ఇప్పుడు గురువారం భోజనానికి చిల్లీ అనే మాంసం కూర, దాల్చినచెక్క బన్నులు పైనుంచి పదిమందికే వస్తున్నాయి, పద్దెనిమిది మంది తింటున్నారు. (మా అమ్మకి రెండు బన్నులు.) ఎనిమిదిమందికి కడుపు నిండట్లేదని పైకి రాశా. జవాబొచ్చింది. ఆకలేసేవాళ్లు పదిమంది లోపే గనక, ఆ సంగతి బయటికి పొక్కనివ్వొద్దట.