మూడు పూతల నల్ల ఆఫీసరు

సౌదీ అరేబియా ఊరు ఖమీస్ ముషైత్‌లోని ఒక తెలుగు సంఘం, మహిళా దినోత్సవం నాడు సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు వర్ణవివక్షను రూపుమాపాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏడున్నరకు మటన్ మందీ.

ముఖ్యాంశం ఏకపాత్రాభినయం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళంలో ఆఫీసర్లయిన తొలి నల్లజాతి మహిళల్లో ఒకరి వేషం. రాసింది నర్సు జాయ్సీ. పెళ్లయి మూడు నెలలు. యూనిఫాం తన కొలతలకే కుట్టించుకుంది. భర్త ఇమ్మానుయేల్ ఇత్తడి గుండీలు తోమి, వాటిలో తన మొహం చూసుకుని మురిసిపోయేవాడు. అతణ్ణి చూసి ఆమె మురిసిపోయేది. ఆ వేషం తనే కట్టాలని ఆమె ఆశ.

జాయ్సీ నల్లగా ఉంటుంది. ఈ విషయం సంఘం దృష్టికి వచ్చింది.

"స్టేజీ మీద ఫొటోలో సరిగ్గా పడవమ్మా. నువ్వు తెర లాగు. అదీ బాధ్యతే కదా" అన్నారు అధ్యక్షులు రామప్రసాద్ గారు. వేషం ఆయన సతీమణి, పసిమిఛాయ కాత్యాయని గారికి దక్కింది. నల్లజాతి వనితగా కనిపించడానికి ఆవిడ రిహార్సల్లో ఎంతో త్యాగబుద్ధితో మొహమంతా కాటుక పూసుకున్నారు. దద్దుర్లు లేచాయి. దురద మాత్ర ఇచ్చింది జాయ్సీయే.

"పోనీ నువ్వే వెయ్యమ్మా" అన్నారు అధ్యక్షులు ఉదారంగా.

మహిళా దినోత్సవం నాడు మేకప్ బ్యూటీషియన్ షబానాది. పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసే అలవాటు కొద్దీ మూడు పూతలు పూసింది. "ఇప్పుడు సూడు, మస్తుగున్నవ్" అంది. అద్దంలో నల్లజాతి ఆఫీసరు మైదాపిండిలా మెరిసింది. సంఘం వెంటనే ఫొటో తీసి గ్రూపులో పెట్టింది.

"ఎవరండీ మీరు? మా ఆవిణ్ణి ఏం చేశారు?" అన్నాడు ఇమ్మానుయేల్.

జాయ్సీ పకపకా నవ్వింది. మళ్లీ అద్దంలోకి చూసి, నవ్వడం మానేసింది.

వేదికెక్కి, తడి టిష్యూతో మొహం తుడుచుకుంటూనే మొదటి మాట పలికింది: "ఈ రంగుతోనే వచ్చాను. ఈ రంగుకే మీరు సెల్యూట్ కొట్టాలి."

ఇమ్మానుయేల్ ఒక్కడే లేచి, కుడి చేత్తో ఫొటో తీస్తూ, ఎడమ చేత్తో సెల్యూట్ కొట్టాడు.

రామప్రసాద్ గారు మైకు అందుకుని, "సాంకేతిక కారణాల వల్ల మేకప్ పోయింది, మన్నించాలి" అని ప్రకటించారు.

వర్ణవివక్ష సరిగ్గా ఏడింటికి అంతమైంది. గ్రూపులో మూడు పూతల ఫొటోకు నాలుగు వందల లైకులు. మొహం తుడుచుకున్న ఫొటోకు రెండు. ఆ రెండూ మొగుడూ పెళ్లాలవే. మీ లైకు ఏ ఫొటో కింద ఉందో మేం చెప్పం. మీకు తెలుసు.