గడ్డి బండికి దిష్టి

శుక్రవారం ఉదయం ఎనిమిది గంటల ముప్పై రెండు నిమిషాలకు, మేదరమెట్ల దాటాక హైవే పక్కన ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ మైదానంలో గడ్డి కోసే ట్రాక్టరు ఆగిపోయింది. అప్పటికి అది ఇరవై రెండు నిమిషాలు నడిచింది. నడిపిన మనిషి పేరు వీరబాబు.

వీరబాబు ఆ రోజుకు వేసుకున్న లెక్కలో బండి ఆగడం లేదు. మైదానం రెండెకరాలు. పదింబావుకల్లా కోత ముగించాలి. పది నలభైకి పిడుగురాళ్ల నుంచి ఒంగోలు వెళ్లే బస్సు మేదరమెట్లలో టీ హోటలు ముందు పది నిమిషాలు ఆగుతుంది. అందులో అతని భార్య మాధవీలత ఉంటుంది. ఆమె పిడుగురాళ్లలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఒంగోలులో ఒక్కరోజు శిక్షణకు వెళుతోంది. సాయంత్రం తోటి నర్సులతో ఆసుపత్రి బండిలో వెనక్కి వెళ్లిపోతుంది. కాబట్టి ఉన్నది ఆ పది నిమిషాలే.

ఆమెను చూసి ఇరవై ఆరు రోజులైంది. ఇతనికి సెలవున్న ఆదివారం ఆమెకు డ్యూటీ పడుతుంది. ఆమెకు సెలవున్న ఆదివారం కాలేజీలో ఏదో ఒక పరీక్ష పడుతుంది. రోజూ వీడియో కాల్ చేసుకుంటారు. అందులో వీరబాబుకు ఆమె నుదురు, ఆసుపత్రి సీలింగు ఫ్యాను కనబడతాయి. ఫోను కొంచెం దించమని చెబితే గడ్డం, ఫ్యాను కనబడతాయి. ముఖం మొత్తం చూడాలంటే టీ హోటలుకు వెళ్లక తప్పదు. అందుకని ఖాకీ చొక్కా కింద ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేసుకున్నాడు. రెండు మూరల కనకాంబరాలు కొని, తడిగుడ్డలో చుట్టి షెడ్డులో పెట్టాడు.

కాలేజీ పరిపాలనాధికారి రామమూర్తి గారు ముందురోజే అనుమతి ఇచ్చారు. "కోసేసి వెళ్లు వీరబాబూ. దసరా సెలవుల్లో గడ్డి పిక్కల దాకా పెరిగింది. మూడింటికి తనిఖీ వాళ్లొస్తారు. మైదానంలో పాములున్నాయా అని అడిగితే నేనేం చెప్పను?"

ఇంజను ముందు గొంతు మార్చింది. తర్వాత దగ్గింది. తర్వాత ఆగింది. వీరబాబు దిగి, సీటు పక్కనున్న టాంకు మూత తిప్పి చూశాడు. సగం పెట్రోలు ఉంది. మూత బిగించి తాళం తిప్పితే స్టార్టయింది. గడ్డి తడిగా ఉంది, అందుకే ఆగిందనుకున్నాడు. ఎనిమిదీ యాభై మూడుకు మళ్లీ ఆగింది.

పాదులు తవ్వుతున్న సామ్రాజ్యం పార పట్టుకునే వచ్చింది. ఆమె తోటమాలి. యాభై ఏళ్లు దాటాయి.

"ఏంది బాబూ, ఆగిందేంది?"

"తెలీదు పిన్నీ."

"నాకు తెలుసు. దిష్టి. సెలవుల్లో ఎన్ని కళ్లు పడ్డయ్యో దీని మీద. ఎర్రగా, బొద్దుగా ఉంటది గదా."

ఆయుధపూజ రోజు కాలేజీలో పారలకు, కత్తెరలకు, నీళ్ల మోటారుకు, ఈ బండికి పసుపు రాసి కుంకుమ పెట్టింది సామ్రాజ్యమే. బండికి నుదురు ఎక్కడో ఆమెకు తెలియలేదు. వెతకగా పైన గుండ్రంగా టాంకు మూత కనబడింది. పసుపు ముద్ద దండిగా మెత్తింది. సెలవుల్లో పది రోజులు ఎండి అది గట్టిపడింది.

కాలేజీ బస్సుల మరమ్మతులు చూసే అన్వర్ తొమ్మిదింటికి వచ్చాడు.

"ఒరేయ్ వీరబాబూ, ప్లగ్గు చూశావా?"

"చూళ్లేదురా. త్వరగా కానీ. పది నలభైకి నేను మేదరమెట్లలో ఉండాలి."

"మీ ఆవిడ బస్సు సంగతి వాచ్‌మన్ దగ్గర్నించి అందరికీ తెలుసులే. ముందు దిగు."

అన్వర్ ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది బిగించాడు. టాంకు మూత తీసి పెట్రోలు వాసన చూశాడు. మూత తీస్తుంటే 'సుస్' మని శబ్దం వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. బండి స్టార్టయింది.

"చూశావా? ప్లగ్గే," అన్నాడు అన్వర్.

"ఒక్క నిమిషం ఆగు," అని సామ్రాజ్యం షెడ్డులోకి వెళ్లింది. పసుపు, కుంకుమ, ఒక నిమ్మకాయ తెచ్చింది. అక్కడ తడిగుడ్డలో పూలు కనబడితే, వీరబాబు బండి కోసమే తెచ్చాడనుకుని అవీ తెచ్చింది. మూత మీద పాత పసుపు పైన కొత్త పసుపు మెత్తింది. కనకాంబరాలు స్టీరింగుకు చుట్టింది.

"పిన్నీ, ఆ పూలు..."

"బాగున్నయ్యిరా. మంచి పని చేశావు. దేవుడికి పెట్టినయ్యి మళ్లీ తీయకూడదు."

తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి బండి ఆగింది. ఈసారి రామమూర్తి గారే వచ్చారు. ఆయన ప్లగ్గును ఒప్పుకోలేదు, దిష్టినీ ఒప్పుకోలేదు. పెట్రోలులో నీళ్లు కలిశాయన్నారు. టాంకు ఖాళీ చేయించి, క్యానుతో కొత్త పెట్రోలు తెప్పించి పోయించారు. బండి స్టార్టయింది. ఆయన చేతులు కట్టుకుని అన్వర్ వంక చూశారు. అన్వర్ ఆకాశం వంక చూశాడు. సామ్రాజ్యం మూత వంక చూసి, పెట్రోలు మారాక బొట్టు కూడా మారాలని కొంచెం పసుపు దట్టించింది.

పదీ నాలుగుకు బండి ఆగింది. తడి గడ్డిలో దగ్గుతూ నడిచిన బండి కోసింది అరెకరమే.

రామమూర్తి గారు ఒంగోలులో బండి అమ్మినవాళ్లకు ఫోన్ చేశారు. మెకానిక్ ఒంటిగంటన్నరకు వస్తాడన్నారు.

"అతనొచ్చేదాకా నువ్వు బండి దగ్గర్నించి కదలొద్దు. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వొద్దు," అన్నారు అన్వర్‌నూ సామ్రాజ్యాన్నీ చూస్తూ.

"అయ్యా, నాకు పది నిమిషాలు..."

"వీరబాబూ, ఈ బండికి ఎవరో ఒకరు బాధ్యత వహించాలి కదా."

పదీ ఇరవైకి వీరబాబు ఫోన్ చేశాడు. అవతల బస్సు హారన్ల మధ్య మాధవీలత గొంతు వినబడింది.

"బయల్దేరారా?"

"రాలేను. బండి ఆగిపోయింది. దీని దగ్గరే కూర్చోమన్నారు."

పక్కన కండక్టరు ఏదో కేకేశాడు. తర్వాత ఆమె "సరే" అంది. ఫోన్ పెట్టేసింది.

ఆ 'సరే'ను వీరబాబు పదిసార్లు మనసులో విన్నాడు. కోపంతో అన్నట్టు ఒకసారి, ఏడుపు ఆపుకుని అన్నట్టు ఒకసారి, కండక్టరుతో అన్నట్టు ఒకసారి వినబడింది. పదీ యాభై మూడుకు ప్రహరీ అవతల హైవే మీద ఆ బస్సు వెళ్లింది. లేచి నిలబడ్డాడు. కిటికీల్లో తలలు కనబడ్డాయి. ఏ తల ఎవరిదో తెలియలేదు. బస్సు పత్తి చేల వెనక్కి వెళ్లిపోయాక కూర్చున్నాడు. ఖాకీ చొక్కా పై బొత్తాలు విప్పాడు. నీలం చొక్కా చెమటకు తడిసింది.

పదకొండూ ఏడుకు గేటు దగ్గర ఆటో ఆగింది. మాధవీలత దిగింది. భుజాన సంచీ ఉంది. వాచ్‌మన్ ఏమీ అడగకుండా మైదానం వైపు చెయ్యి చూపించాడు.

వీరబాబు లేవలేదు. లేస్తే ఆమె కాదేమోనని భయం.

ఆమె వచ్చి ముందు అతన్ని చూసింది. తర్వాత స్టీరింగును చూసింది.

"ఈ కనకాంబరాలు ఎవరికి తెచ్చారు?"

"నీకే."

"మరి దీనికి పెట్టారే?"

"నేను పెట్టలేదు. దిష్టన్నారు." అతను ఆమె ముఖం చూస్తున్నాడు. మొత్తం ఉంది. "బస్సు వెళ్లిపోయిందిగా?"

"వెళ్లనివ్వండి. పన్నెండింటికి శిక్షణ. మొదటి రెండు గంటలూ పరిచయాలే. రోజూ పక్కపక్క మంచాలకు సూదులేసే వాళ్లం, మాకు మేం ఏం పరిచయమవుతాం?" ఆమె సంచీ కింద పెట్టింది. "దీనికేమైంది?"

అతను జరిగింది వరసగా చెప్పాడు. ప్రతిసారీ ఎన్ని నిమిషాలు నడిచిందో చెప్పాడు. మూత తీసినప్పుడల్లా 'సుస్' మన్నదని కూడా చెప్పాడు.

"మూత తీశాక ప్రతిసారీ నడిచిందా?"

"నడిచింది."

"ప్లగ్గు రుద్దినా, పెట్రోలు మార్చినా?"

"ఆఁ."

మాధవీలత మూత విప్పి తిరగేసి చూసింది. లోపలి వైపు ఒక సన్నని రంధ్రం ఉంది. పైవైపు ఉండాల్సిన చోట పసుపు ఉంది.

"సెలైన్ సీసాలోకి గాలి పోవడానికి మేం పైన ఇంకో సూది గుచ్చుతాం. గుచ్చకపోతే కాసేపు చుక్కలు పడి ఆగిపోతుంది. దీనికీ అంతే. గాలి పోయే దారి మూసేశారు. ఇంతమంది మగాళ్లు చూసి ఆ శబ్దమేంటని ఎవరూ అడగలేదా?"

"బండి నిట్టూరుస్తోందనుకున్నా."

ఆమె చీర కుచ్చిళ్ల దగ్గరి పిన్నీసు తీసి, రంధ్రంలో పసుపు పొడిచి ఊడగొట్టింది. మూత బిగించింది. వీరబాబు తాళం తిప్పాడు. ఇంజను ఒక్క దగ్గూ లేకుండా నడిచింది. రెండు నిమిషాలు విని అతను ఆపేశాడు.

"ఎందుకు ఆపారు? బాగానే ఉందిగా?"

"బాగుంటే నేను గడ్డి కోయాలి." అతను నేల వంక చూశాడు. "బాగులేకపోతే ఒంటిగంటన్నర దాకా ఇక్కడే కూర్చోవాలి. రామమూర్తి గారి మాట."

మాధవీలత కాలేజీ వైపు ఒకసారి చూసింది. మూత మీద మిగిలిన పసుపు కొంచెం గోటితో తీసి, రంధ్రం మీద అద్ది, బొటనవేలితో నొక్కింది. తర్వాత స్టీరింగు మీది పూలు విప్పింది.

"దేవుడికి పెట్టినయ్యి తీయకూడదంట," అన్నాడు వీరబాబు.

"ఇరవై ఆరు రోజులైంది. దేవుడు సర్దుకుంటాడు. పెట్టండి," అని అటు తిరిగి కూర్చుంది.

అతను పూలు పెట్టడానికి చాలాసేపు పట్టింది. జడ వదులైందని ఒకసారి తీసి మళ్లీ పెట్టాడు.

పన్నెండింటికి రామమూర్తి గారు వరండాలోంచి కేకేశారు. "ఏమైనా కదిలిందా వీరబాబూ?"

"లేదండీ. మెకానిక్ రావాల్సిందే."

"ఆ అమ్మాయెవరు?"

"మా ఆవిడండీ. నర్సు."

"ఆమెను కూడా చెయ్యి పెట్టనివ్వకు," అని ఆయన లోపలికి వెళ్లారు.

వాళ్లు బండి నీడలో కూర్చున్నారు. ఆమె సంచీలోంచి పులిహోర డబ్బా తీసింది. బస్సులో తినాలని చేసుకున్నది. ఇద్దరూ తిన్నారు. పక్క చేలో పత్తి తీస్తున్న ఆడవాళ్లు రెండుసార్లు ఇటు చూశారు. ఆమె రాత్రి డ్యూటీల గురించి చెప్పింది. అతను విన్నాడో లేదో తెలియదు. చూస్తూ మాత్రం ఉన్నాడు.

పన్నెండుంబావుకు ఒంగోలు బస్సు వెళ్లింది. పన్నెండూ నలభైకి ఇంకొకటి వెళ్లింది. మాధవీలత గేటు ముందు ఒంటిగంటా పది బస్సు ఎక్కింది.

ఒంటిగంటా పన్నెండుకు, రంధ్రం మీది పసుపు వీరబాబు గోటితో తీసేశాక, ఇంజను స్టార్టయింది. రెండూ యాభైకి కోత పూర్తయ్యేదాకా ఆగలేదు.