హాలు గోడ మీది పెద్దాయన

మా వదిన ఉద్యోగం మానేసి, ఇంటి హాల్లోనే ఫొటో స్టూడియో ప్రారంభించినట్టు ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. సోఫా వరండాకూ, టీవీ వంటగదికీ బదిలీ అయ్యాయి. సీరియల్లో ఎవరు ఏడ్చినా, కుక్కరు కూతల్లో కారణం మా అమ్మకు వినపడేది కాదు. అందుచేత ఆవిడ గడువు విధించింది.

"బడులు తెరిచేలోగా ఒక్క బేరమైనా రావాలి. లేదంటే నా హాలు నాకిచ్చేసి, నువ్వు మళ్లీ ఆ ఆఫీసుకే పో అమ్మాయ్."

ఆ ఆఫీసు పేరెత్తితేనే వదిన కెమెరా తీసుకుని వరండాలోకి వెళ్లిపోయేది.

తెల్లగోడకు ఎవరూ ఆనుకోరాదని నిబంధన వచ్చింది. స్నానాల గదికి దారి హాల్లోంచే కనుక, ఫొటోలు తీస్తున్నంతసేపూ మా అన్నయ్య తువ్వాలు కట్టుకుని వరండాలో వేచి ఉండేవాడు. వీధివాళ్లు ఆయన్ని స్టూడియో సిబ్బందిగా గుర్తించారు.

బంధువులు ఎంతో ప్రోత్సహించారు. ప్రోత్సాహమంటే ఊరికే తీయించుకోవడం. మా పిన్ని సకుటుంబంగా వచ్చి, ఫొటోలు దిగి, కాఫీలు తాగి, "డబ్బులిస్తే పరాయివాళ్లలా ఉంటుందే" అని, వదిన మనసు నొప్పించకుండా వెళ్లిపోయింది. పైగా ఎవరికీ ఫొటోలు నచ్చలేదు. వదిన ఉన్నది ఉన్నట్టు తీస్తుంది. వ్యాపారానికి ఇంతకన్నా పెద్ద జబ్బు లేదు.

చివరికి బేరం వచ్చింది. మా వీధి సంఘానికి కొత్తగా అధ్యక్షుడైన పెద్దసారుకు, ప్రమాణ స్వీకారం బ్యానరు మీదకి ఫొటో కావాలి. వదిన ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, మనవరాలి మాటెత్తి, నవ్వబోతుండగా నొక్కింది. కళ్లకింద సంచులు, నుదుటి మీద మడతలు, వాటి మధ్య ఒక మంచి మనిషి. అంత మంచి ఫొటో నేను ఇంతవరకూ చూడలేదు.

పెద్దసారు ఫొటో చూసి గొంతు సవరించుకున్నారు. "చూడమ్మా, మనిషి వేరు, పదవి వేరు. ప్రజలు నాలో చూడదలచింది మడతల్ని కాదు, నాయకత్వాన్ని. కాస్త సరిదిద్దు."

వదిన మా అమ్మ వైపు చూసింది. అమ్మ వంటగదిలోని టీవీ వైపు చూసింది. వదిన కంప్యూటరు ముందు కూర్చుంది. మడతలు పోయాయి, జుట్టు మొలిచింది, ఎన్నాళ్లుగానో కనబడని మెడ బయటపడింది. ఆ రోజు వదిన అన్నం సరిగ్గా తినలేదు. నాకు చాలా బాధేసింది, కానీ హాలు దక్కింది కదా అని ఊరుకున్నాను.

సభనాడు గేటు దగ్గర వాచ్‌మన్ బ్యానరునీ పెద్దసారునీ మార్చి మార్చి చూసి, "అధ్యక్షులవారు ఇంకా రాలేదండి, పక్కన నిలబడండి" అన్నాడు. లోపల సభ్యులు కాసేపు ఎదురుచూసి, బ్యానరుకే చప్పట్లు కొట్టి సభ ముగించారు. ఇంత క్లుప్తంగా మాట్లాడిన అధ్యక్షుడు ఇదివరకు లేడని మెచ్చుకున్నారు కూడా. ఇక ఊరంతా మా హాల్లోనే. అందరికీ అలాంటి ముఖమే కావాలి. అమ్మ వంటగదికి అలవాటుపడింది.

వదిన మాత్రం, తన తృప్తికోసం, పెద్దసారు అసలు ఫొటోని హాలు గోడకు తగిలించుకుంది.

మరో ఫొటోకని వచ్చిన పెద్దసారు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. "పాపం, ఎవరో పెద్దాయన. మంచివాడిలానే ఉన్నాడు. కానీ ఇలాంటి ముఖాల్ని గోడకెక్కిస్తే బేరాలు పోతాయమ్మా, తీసెయ్."

వదిన తీసేసింది. ఆ మేకు ఇప్పుడు ఖాళీగా ఉంది. ఉన్నది ఉన్నట్టు తీయించుకునేవాళ్లకు పైసా తీసుకోనని గేటుకు బోర్డు కూడా కట్టింది. మీరూ రావచ్చు. ఇంతవరకు మా పిన్ని కూడా రాలేదు.