కావలి కణాలు

“మా ఇంట్లో కూతురికీ కోడలికీ భేదమే లేదు!”

నగరి మగ్గాల వీధిలో మునిరత్నమ్మ ఈ సిద్ధాంతాన్ని ప్రకటించని రోజు లేదు. అబద్ధం కాదు సుమా! కూతురు అత్తవారింటికి వెళ్లిపోయింది కనుక ఆమె పనీ, తన పనీ కోడలు చౌడేశ్వరే భేదం లేకుండా చేస్తోంది.

చౌడేశ్వరికి నెల తప్పడం, మూడో నెల రాకముందే కడుపు పోవడం మళ్లీ మళ్లీ జరిగింది. ఆమె దొడ్లో కూర్చుని కుళ్లి కుళ్లి ఏడ్చింది. మునిరత్నమ్మకు మాత్రం ఏడుపు రాలేదా? వచ్చింది, మనవడి కోసం. కళ్లు తుడుచుకుని కొడుకు కోదండానికి పుత్తూరులో రెండో సంబంధం చూసింది. అయితే లోకులు వేలెత్తి చూపకూడదు కదా! పెద్ద డాక్టరుకు కూడా చూపించామని చెప్పుకోవడానికి ముగ్గురూ తిరుపతి బస్సెక్కారు.

డాక్టరమ్మ గదిలో రెండే కుర్చీలు. ఒకదాంట్లో తల్లి, ఇంకోదాంట్లో కొడుకు. చౌడేశ్వరి సంచులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

డాక్టరమ్మ పాత చీటీలన్నీ చూసింది. “బిడ్డలో సగం తండ్రిదమ్మా. తల్లి ఒంటికి ఆ సగం పరాయిదే. రక్తంలో కావలి కణాలుంటాయి, పరాయిది కనబడితే తరుముతాయి. కడుపులో బిడ్డను మాత్రం తరమవు, చేరదీస్తాయి. కొందరిలో ఆ చేరదీయడం సరిగా జరగదేమోనని ఇప్పుడిప్పుడే అనుమానిస్తున్నారు. ఇంకా తేలలేదు. తేలినా అది ఆడపిల్ల తప్పు కాదు.”

చివరి మాట మునిరత్నమ్మ చెవిన పడలేదు.

“సూస్తివారా కోదండం! మన వంశాన్ని పరాయోళ్లంటా తరిమేస్తా ఉండాది నీ పెండ్లాం రగతం! మనం సూడు, యాడి పిల్లనో తెచ్చుకోని కూతురు మాదిరి పెట్టుకోలేదా?”

డాక్టరమ్మ మురిసిపోయింది. “మంచి అత్తగారు! సరే, ఆ పనమ్మాయిని బయట కూర్చోమని, మీ కోడల్ని లోపలికి పిలవండి.”



“నేనే మేడం ఆ కోడల్ని,” అంది చౌడేశ్వరి. “మా ఇంటి కావలి కణాలు నన్నింకా సేరదీయలేదు.”

కోదండానికి సిగ్గుతో తల కొట్టేసినట్లయింది. చటుక్కున లేచి భార్యను తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

మునిరత్నమ్మ గొంతు సవరించుకుంది. “అది సరేరా, పుత్తూరోళ్లకు మాటిస్తిమే...”

“వద్దుమా,” అన్నాడు కోదండం. “ఆ పిల్లను గూడా మనం కూతురు మాదిరే సూసుకుంటాం. పాపం గదా!”