ప్రజల సగం, ఓబులమ్మ బండ

ప్రజలు సగం, ప్రభుత్వం సగం భరిస్తే ఈ భూమ్మీద కట్టలేనిది ఏదీ లేదని 1956 వేసవిలో నంద్యాల పత్తిమిల్లు వీధికి అధికారికంగా తెలియజేయడమైనది. అంతవరకూ ఆ వీధివాళ్లు మొత్తం తామే భరించేవారు. (అది నేరం కాదు గానీ, ఏ ఫారంలోనూ దానికి గడి లేదు.)

వీధికీ మిల్లుకూ మధ్య నడుము లోతు మురుగుకాలువ. దాని మీద ఓబులమ్మ వేయించిన నాపబండ. ఆళ్లగడ్డలో అన్నదమ్ములు పుట్టింటి ఆస్తి పంచుకున్నప్పుడు ఆడబిడ్డగా ఆమెకు దక్కింది ఆ బండ ఒక్కటే. ఎద్దులబండి మీద తెచ్చి కాలువకు అడ్డంగా పరిపించింది. మిల్లు కూలీలు దాని మీదుగా వచ్చి ఆమె చేతి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని పోయేవారు. మొగుడు పోయిన ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదంటే ఆ బండ చలవే.

వీధి అభివృద్ధి సంఘానికి అధ్యక్షుడైన పుల్లయ్య కంటికి మాత్రం బండ ఆనలేదు. బండ్లు పోయే వంతెన కావాలని అర్జీ పెట్టాడు. ఓవర్సీరు రాజరత్నం వచ్చి, ప్రజల సగం డబ్బుగా గానీ, వస్తువుగా గానీ ఇవ్వవచ్చునని చదివి వినిపించాడు. వీధిలో డబ్బు లేదు. వస్తువు కళ్లెదుటే ఉంది.

"ఓబులమ్మక్కా, బండ ఇచ్చెయ్. పెద్ద వంతెనే వస్తాంటే ఇదెందుకు?" అన్నాడు పుల్లయ్య.

"అంతవరకూ జనం ఎట్ల దాటాలప్పా?"

"నెల. గట్టిగా ఒక నెల."

"పైగా వంతెన లేని చోటే వంతెన కట్టాలమ్మా. బండ ఉంటే వంతెన ఉన్నట్టే లెక్క," అన్నాడు రాజరత్నం. మనిషి మంచివాడు. బండ లేపేటప్పుడు తనూ ఒక చెయ్యి వేశాడు. 'బండ ఒకటి, పగుళ్లు లేవు' అని రసీదు కూడా ఇచ్చాడు.

ఫైలు కర్నూలు పోయింది. అది అక్కడ కుదురుకునే లోపలే రాజధాని హైదరాబాదుకు తరలింది, ఫైలూ వెంట వెళ్లింది. రాజధాని త్వరగానే సర్దుకుంది. ఫైలు ఇంకా సర్దుకుంటోంది.

అరమైలు చుట్టూ తిరిగి రాలేక మిల్లు కూలీలు రావడమే మానుకున్నారు. తెల్లారితే రెండు శేర్ల బొరుగులు నానబెట్టే ఓబులమ్మ, సోలెడు నానబెట్టి అదీ తనే తినసాగింది. కడుపు మండి ఓవర్సీరు ఆఫీసుకు పోయింది.

"వంతెన యాడన్నా పోనీ సామీ. నా బండ నాకియ్యి."

"అది నీది కాదమ్మా ఇప్పుడు. ప్రజలది. ప్రజలది తిరిగి ఇయ్యాలంటే ప్రజలందరి సంతకాలూ కావాల," అన్నాడు రాజరత్నం.

సంతకాలు తెచ్చింది. వేలిముద్రలు సంతకాలు కావని తేలింది. మళ్లీ తిరిగింది.

పద్నాలుగు నెలలకు, వంతెన అవసరమో కాదో తేల్చడానికి రాకపోకల గణనాధికారి వచ్చాడు. కాలువ పక్కన కుర్చీ, గొడుగు వేయించుకుని, గుమాస్తా చేతికి పుస్తకమిచ్చి, మూడు రోజులు పొద్దున్నించి సాయంత్రం దాకా కళ్లార్పకుండా కూర్చున్నాడు. లంచం అడగలేదు. ఓబులమ్మ పెట్టిన బజ్జీ కూడా ముట్టలేదు. (నిజాయితీపరుడు వస్తే పని జరుగుతుందని వీధిలో ఒక మూఢనమ్మకం ఉండేది.) మూడో సాయంత్రం తీర్పు చెప్పాడు: ఈ చోట కాలువ దాటేవారు ఒక్కరూ లేరు, కనుక వంతెన అనవసరం.

"బండ ఎత్తుకపోతిరి గదా సామీ! ఎట్ల దాటతారు యెవురైనా?" అంది ఓబులమ్మ.

"ముందు దాటండమ్మా," అన్నాడు అధికారి చాలా మర్యాదగా. "దాటేవాళ్లు కనబడితే రాస్తాం. రాస్తే కడతారు."

ఓబులమ్మ ఆయన వైపు చూసింది, కాలువ వైపు చూసింది. చీర ఎగదోపుకుని నడుము లోతు బురదలోకి దిగింది. అవతలి గట్టు పట్టుకుని పైకెక్కింది. గుమాస్తా గబగబా పుస్తకం తెరిచి 'ఒకరు' అని రాశాడు. వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు.

పొయ్యి, బాణలి ఇవతలే ఉన్నాయి. ఓబులమ్మ మళ్లీ కాలువలోకి దిగి ఇవతలికి వచ్చింది.

పోయినవారు ఒకరు, వచ్చినవారు ఒకరు, నికరం సున్న అని వేసి అధికారి సంతకం చేశాడు.